పళ్లెంలో పర్వతాలు

మీ ముందు ఒక ఫోటో పెట్టాననుకోండి. అందులో ఎర్రటి నేల, దాని మీద పొడుగాటి నీడలు ఉన్నాయి. దూరాన మూడు కొండలు ఒకదాని వెనుక ఒకటి, వెనక్కు పోయే కొద్దీ పాలిపోతూ కనిపిస్తున్నాయి. ఎక్కడా చెట్టూ లేదు, నీరూ లేదు. ఇది ఏ ప్రదేశమో చెప్పమంటే మీలో సగం మంది "అంగారక గ్రహం" అంటారు. కొంచెం జాగ్రత్తపరులు "రాజస్థాన్ ఎడారి" అంటారు. మా బడిలో ఒక పిల్లవాడు మాత్రం చాలాసేపు చూసి, "సార్, ఇది మీ ఇంటి తాంబాళం కాదు గదా?" అన్నాడు. అంచున ఒక మూల ఇత్తడి మెరుపు కనిపించింది వాడికి!

నిజమే, అది మా ఇంటి తాంబాళమే. ఎర్రటి నేల ఇటుక పొడి. కొండలు విరిగిపోయిన పలక ముక్కలు. మాది నల్లమలకు తూర్పు వైపు ఊరు. పలకరాయికి పేరు పడ్డ మార్కాపురం దగ్గరే కాబట్టి మాకు ఆ ముక్కలకు కరువు లేదు. వాటిలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం నాలుగు అంగుళాలు. సూర్యుడు మాత్రం అసలు సూర్యుడే. సాయంత్రం అయిదు గంటలకు పడమటి కిటికీలోంచి వచ్చాడు.

ఇంట్లో దొరికే వస్తువులతో ప్రకృతి దృశ్యాలను కట్టి ఫోటో తీయడం ఈనాటి ఆట కాదు. కొందరికి అది వృత్తి కూడా. అమెరికాలో మాథ్యూ ఆల్బనీస్ అనే ఛాయాచిత్రకారుడున్నాడు. 2008లో ఆయన చేతిలోంచి పప్రికా డబ్బా జారి పొడి ఒలికిపోయింది. పప్రికా అంటే మన మిరపకు చుట్టమైన, కారం తక్కువైన ఎర్రపొడి. ఒలికిన పొడిని చూస్తే ఆయనకు అంగారక గ్రహం గుర్తుకు వచ్చింది. తరువాత సుమారు అయిదున్నర కిలోల పప్రికా తెచ్చి, దాల్చిన చెక్క పొడి, జాజికాయ పొడి, బొగ్గు వగైరాలు కలిపి ఆ గ్రహపు నేలను నిజంగానే తయారు చేశాడు. మరొక చిత్రంలో మంచు సముద్రం కోసం పదకొండు కిలోల పైచిలుకు పంచదారను రకరకాల పాకాలు పట్టాడు. పాకానికి మూడు రోజులు, కట్టడానికి రెండు వారాలు పట్టింది. అగ్నిపర్వతాన్ని లోపలినుంచి వెలిగించడానికి ఆరు అరవై వాట్ల బల్బులు పెట్టాడు. సుడిగాలిని గిన్నెలు తోమే ఇనుప పీచుతోనూ దూదితోనూ చేశాడు.

అయిదున్నర కిలోల ఎర్రపొడి అనగానే మా ఇంట్లో వాళ్లు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు జ్ఞాపకమే. అందువల్లనే మేము ఇటుక పొడికి దిగాము. తరువాత ఆలోచిస్తే అదే మేలైనదని తేలింది. అంగారకుడు ఎర్రగా ఉండడానికి కారణం అక్కడి దుమ్ములోని ఇనుప ఆక్సైడు. ఇటుక ఎర్రదనానికి కూడా అదే కారణం! పైగా కారప్పొడి గాలికి లేస్తే మీ కళ్ల సంగతి చెప్పనక్కరలేదు. మీరు కారప్పొడి జోలికి పోవద్దు.

కెమెరాకు ఒకటే కన్ను

నాలుగు అంగుళాల రాయి కొండలా ఎందుకు కనిపిస్తుంది? ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. అది తెలిస్తే మిగిలినదంతా చేతి పని.

పున్నమినాడు చెయ్యి బారజాపి వేళ్ల మధ్య ఒక శనగ గింజ పట్టుకుని, ఒక కన్ను మూసి, దాన్ని చంద్రుడికి అడ్డం పెట్టండి. చంద్రుడు పూర్తిగా మాయమవుతాడు. 3,476 కిలోమీటర్ల వ్యాసమున్న గోళాన్ని శనగ గింజ కప్పివేసింది! అంటే కంటికి అందేది వస్తువు అసలు పరిమాణం కాదు, అది కంటి దగ్గర చేసే కోణం. దూరం ఎంతో తెలిస్తేనే ఆ కోణాన్నిబట్టి పరిమాణం లెక్కకు వస్తుంది. దగ్గరి వస్తువుల దూరాన్ని మన రెండు కళ్లూ కలిసి పట్టుకుంటాయి. వాటి మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కుడి కన్ను చూసే బొమ్మకూ ఎడమ కన్ను చూసే బొమ్మకూ ఉండే తేడాను మెదడు లెక్క కడుతుంది. అందుకే తాంబాళం ముందు నిలబడి చూసినవారెవరూ మోసపోరు.

కెమెరాకు ఉన్నది ఒకటే కన్ను. ఫోటో చూసేవారికి ఆ తేడా అందదు. అప్పుడు మెదడు వేరే సాక్షులను పిలుస్తుంది. నీడలు ఎలా ఉన్నాయి? దూరపు వస్తువులు మసకబారాయా? గులక ఎంత, ఇసుక రేణువు ఎంత? అంతా స్పష్టంగా ఉందా, కొంత అలుక్కుపోయిందా? ఈ సాక్షులందరి చేత ఒకే మాట చెప్పించగలిగితే రాయి కొండ అవుతుంది. ఒక్క సాక్షి ఎదురు తిరిగినా చూసేవారు "బొమ్మ" అనేస్తారు.

సూర్యుడు ఎంత ఉండాలి?

మొదటి సాక్షి నీడ. మా పిల్లలు తొలిసారి ట్యూబులైటు కింద ఫోటో తీశారు. కొండలకు నీడే లేదు, ఎంత బాగా కట్టినా పిండివంటల పళ్లెంలా ఉంది. ట్యూబులైటు నాలుగు అడుగుల పొడుగు. దానిలో ఒక కొస నుంచి వచ్చే కాంతి వేసిన నీడను రెండో కొస నుంచి వచ్చే కాంతి చెరిపేస్తుంది.

మరి సూర్యుడో? ఆయన వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. మనకున్న దూరం 15 కోట్ల కిలోమీటర్లు. భాగించి చూడండి, దూరం వ్యాసానికి సుమారు 107 రెట్లు వస్తుంది. మీ బల్లమీది సూర్యుడు కూడా ఈ నిష్పత్తిలోనే ఉండాలి. ఒక అట్టపెట్టెకు సెంటీమీటరు వ్యాసం గల గుండ్రటి కన్నం చేసి, లోపల ఎల్.ఇ.డి. బల్బు పెట్టి, 107 సెంటీమీటర్ల దూరాన నిలబెట్టండి. (పాత రకపు తీగ బల్బు పెట్టకండి, వేడికి అట్ట మాడుతుంది.) నీడ అంచు ఎంత పదునుగా ఉండాలో, ఎక్కడ కాస్త చెదరాలో అచ్చం ఎండలోలాగే వస్తుంది. మూడు సెంటీమీటర్ల కన్నమైతే దూరం కూడా మూడు రెట్లు కావాలి.

దూరం పెట్టగలిగితే అదే మంచిది కూడా. సూర్యుడు అంత దూరాన ఉన్నాడు కాబట్టి ఆయన వేసే నీడలు ఒకదానికొకటి సమాంతరంగా పడతాయి. మీటరు దూరపు దీపానికి అవి విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. ఈ తప్పు ఫోటోలో చాలామందికి పేరు పెట్టి చెప్పడం రాదు గాని, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

ఇంత తంటా ఎందుకనుకుంటే పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో అసలు సూర్యుడినే వాడుకోండి. నా ఓటు ఎప్పుడూ ఆయనకే. మధ్యాహ్నం మాత్రం వద్దు. నడినెత్తిన ఎండ ఉంటే నల్లమల కొండలే చప్పిడిగా కనిపిస్తాయి, మీ పలక ముక్కలు ఎంత?

ఇంకొక మాట. బయట ఎండలో చెట్టు నీడ నల్లగా ఉండదు, గమనించారా? ఆకాశం నుంచి వచ్చే వెలుగు దాన్ని కొంత నింపుతుంది. గదిలో మీ బల్లకు ఆకాశం లేదు. కాబట్టి దీపానికి ఎదురు వైపు ఒక తెల్లటి అట్టో, ఉతికిన పంచెనో నిలబెట్టండి. కొంత కాంతి పరావర్తనం చెంది నీడల్లోకి చేరుతుంది. చంద్రుడి నేల కట్టదలచుకుంటే మాత్రం ఆ పంచె తీసేసి చుట్టూ నల్ల గుడ్డ కట్టండి. చంద్రుడి మీద గాలి లేదు, వెలుగునిచ్చే ఆకాశం లేదు, అందుకే అక్కడి నీడలు చాలా కారునలుపు. పొయ్యి బూడిదలో కొంచెం ముగ్గుపిండి కలిపి పరిచి, రెండడుగుల ఎత్తునుంచి గోళీలు వదలండి. పడిన గుంటలు చూసి మీరే ఆశ్చర్యపోతారు.

రవ్వ బండ అవుతుంది, పిండి దుమ్మవుతుంది

తరువాతి సాక్షి రేణువు. మీ దృశ్యం ఎంత చిన్నదో ముందే నిర్ణయించుకోండి. నిజంలో వంద మీటర్ల గుట్టను మీరు పది సెంటీమీటర్లు చేశారంటే, వెయ్యింట ఒక వంతు అన్న మాట. ఇప్పుడు అర మిల్లీమీటరు బొంబాయి రవ్వ గింజను వెయ్యితో హెచ్చవేయండి. అర మీటరు బండరాయి! రవ్వతో ఎడారి చేయబోతే బండల బయలు వస్తుంది. ఎడారి ఇసుక కావాలంటే మెత్తటి పొడి కావాలి. ఇటుక పొడిని పలుచటి గుడ్డలో వేసి జల్లిస్తే సరిపోతుంది. జల్లెడలో మిగిలిన పలుకులు పారవేయకండి, అవే కొండ పాదాన రాలిపడిన బండలు.

ఆ బండలను చేత్తో అమర్చకండి. మనిషి చెయ్యి అన్నిటినీ సమానమైన ఎడంలో పెడుతుంది, ప్రకృతికి ఆ అలవాటు లేదు. పైనుంచి జారవిడవండి. పొడి ఇసుకను ఎంత ఎత్తున పోసినా దాని వాలు సుమారు 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇసుక కుప్పకూ ఎడారి దిబ్బ జారుడు వైపుకూ వాలు ఇంచుమించు ఒకటే. దీన్ని విరామ కోణం అంటారు. ఎంత చిన్న కుప్ప చేసినా ఈ కోణం పెద్దగా మారదు కాబట్టి, ఇక్కడ ప్రకృతే మనకు సాయపడుతుంది. మైదా మాత్రం అలా జారదు, ముద్దకట్టి నిటారుగా నిలుస్తుంది. నదులు కోసిన గట్లకు అది పనికి వస్తుంది.

చెట్లకు కొత్తిమీర రెమ్మలు, గోడ మీది నాచు, తుమ్మ కొమ్మల చివుళ్లు బాగుంటాయి. ఎండిన వేరుశనగ తీగల వేళ్లు ఆకు రాలిన చెట్లుగా అద్భుతంగా ఉంటాయి. ఇది మా పిల్లలు కనిపెట్టినదే.

గాలిని ఎక్కడినుంచి తెస్తారు?

మా బడి డాబా మీదినుంచి పడమటికి చూస్తే నల్లమల కొండలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. దగ్గరి వరుస పచ్చగా, దాని వెనుకది నీలంగా, చిట్టచివరిది ఆకాశంలో కలిసిపోతూ ఉంటుంది. అన్ని వరుసల మీదా అడవి పచ్చనిదే గదా! మధ్యలో ఉన్న గాలి చేసిన పని ఇది. గాలిలోని అణువులు కాంతిని నలుమూలలకూ చెదరగొడతాయి. దీన్ని పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం తక్కువైన నీలి కాంతి, ఎర్ర కాంతి కంటె నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా చెదురుతుంది. ఈ లెక్కను 1871లో చెప్పినవాడు లార్డ్ రేలీ. ఆకాశం నీలంగా ఉండడానికీ, దూరపు కొండ నీలంగా ఉండడానికీ కారణం ఇదే. మనకూ ఆ కొండకూ మధ్య ఉన్న ఆకాశాన్నే మనం చూస్తున్నామన్న మాట.

మీ తాంబాళంలో ముందు కొండకూ వెనుక కొండకూ మధ్య ఉన్నది జానెడు గాలి. అది ఏమి చెదరగొడుతుంది? అందుకే దూరాన్ని మీరే తయారు చేయాలి. మొదటి కొండ వరుస వెనుక ఒక పలుచటి ట్రేసింగ్ కాగితం నిలబెట్టండి. దాని వెనుక, దానికి ఆనేటట్టుగా రెండో వరుస, ఆపై మరొక కాగితం, మూడో వరుస పెట్టండి. ప్రతి వరుసా వెనుకదాని కంటె ముదురుగా కనిపిస్తుంది. కాగితాలకు వెనుకనుంచి కొంచెం నీలి వెలుగు తగిలేటట్టు చూస్తే నల్లమల దిగివచ్చినట్టే. ఒక అగరుబత్తి వెలిగించి పొగను కొండల మధ్యకు వదలడం మరొక పద్ధతి. నల్లటి వెనుకతలం ముందు అగరుబత్తి పొగ నీలంగా కనిపిస్తుంది. దానిలోని అతి సూక్ష్మమైన కణాలు కూడా నీలి కాంతినే ఎక్కువగా చెదరగొడతాయి. (ఇనుప పీచుతో సుడిగాలి చేసిన రోజున మాత్రం నిప్పు దగ్గరికి తేకండి. సన్నటి ఇనుప పీచు కాగితంలా అంటుకుంటుంది. నమ్మనివారిని ప్రయోగశాలలో పెద్దవారి ఎదుట చూడమంటాను.)

మేఘాలకు దూది వాడవచ్చు గాని, నాకు మరొక పద్ధతి ఇష్టం. 1977లో వచ్చిన "క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్" అనే అమెరికన్ సినిమాలో ఉరిమే మేఘాలను నీళ్ల తొట్టిలో తీశారు. అడుగున ఉప్పునీరు, పైన మంచినీరు నింపి, మధ్యకు తెల్ల రంగు వదిలారు. మీరు గాజు గ్లాసులో చేయండి. సగం గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు పూర్తిగా కరిగించండి. దాని మీద మంచినీటిని చెంచా వెనుక భాగం మీదుగా మెల్లగా, పొర చెదరకుండా పోయండి. ఇంకుఫిల్లరుతో పాలు నాలుగు చుక్కలు వదలండి. పాలు మంచినీటి కంటె బరువు, కాబట్టి దిగుతాయి. ఉప్పునీటి కంటె తేలిక, కాబట్టి ఆ పొర దగ్గర ఆగి, అడుగు చదునుగా పరుచుకుంటాయి. వానాకాలపు మేఘాలకు అడుగు చదునుగా ఉండడం మీరు చూసే ఉంటారు. పక్కనుంచి దీపం పట్టి ఫోటో తీయండి.

చీమ కన్నుతో చూడండి

అంతా కట్టి, నిలబడి పైనుంచి ఫోటో తీస్తే శ్రమ అంతా వృథా. మనిషి కొండను పైనుంచి చూడడు గదా! వందింట ఒక వంతు దృశ్యంలో 160 సెంటీమీటర్ల మనిషి 1.6 సెంటీమీటర్లు ఉంటాడు. కెమెరా కన్ను అంత ఎత్తునే ఉండాలి. ఫోను కటకం పై మూల ఉంటుంది కాబట్టి, ఫోనును తలకిందులుగా పట్టుకుంటే కటకం నేలకు ఆనుతుంది. ఈ చిన్న చిట్కాతో సగం పని అయిపోతుంది.

మిగిలిన సగం స్పష్టత. నూరు మీటర్ల దూరపు చెట్టూ, పది కిలోమీటర్ల దూరపు కొండా కెమెరాకు ఇంచుమించు ఒకటే, రెండూ స్పష్టంగా పడతాయి. బల్ల మీద ముందు రాయి పది సెంటీమీటర్లలో, వెనుక రాయి ముప్ఫైలో ఉంటే ఒకటి స్పష్టమైనప్పుడు రెండోది అలుక్కుపోతుంది. ఆ అలుకుడు చూడగానే "దగ్గరి వస్తువు, అంటే చిన్న వస్తువు" అని మెదడు తీర్పు చెబుతుంది. దీన్ని తిరగేసి, నిజమైన పట్నపు ఫోటోలో పైభాగాన్నీ కిందిభాగాన్నీ కావాలని మసకబరచి, బస్సులూ మేడలూ ఆటబొమ్మల్లా కనిపించేటట్టు చేసేవారున్నారు. కటకం కన్నం ఎంత చిన్నదైతే ఈ అలుకుడు అంత తగ్గుతుంది. ఫోను కటకపు కన్నం కొద్ది మిల్లీమీటర్లే. కాబట్టి ఈ ఒక్క పనిలో అమ్మ ఫోను, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు పెద్ద కెమెరా కంటె తేలికగా నెగ్గుతుంది. పెద్ద కెమెరా వాడేవారు కన్నాన్ని బాగా కుదించి, స్టాండు మీద కదలకుండా ఉంచి, ఎక్కువ సెకన్లు కాంతిని లోనికి రానివ్వాలి.

దీపాలతో ఊరిని నిజం చేసిన మనవారి పని ఒకటి చెప్పాలి. 1957లో వచ్చిన "మాయాబజార్"లోని ద్వారకా నగరం మీకు గుర్తుందా? మద్రాసులోని చందమామ బిల్డింగ్స్‌లో, 50 అడుగుల వెడల్పు 60 అడుగుల పొడవున్న చోటులో, సుమారు 300 చిన్న ఇళ్లు కట్టారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ సూచనలతో ఏ ఇంటి దీపం ఆ ఇంటికి విడిగా పెట్టారు. ఊరంతటికీ పైన ఒకే పెద్ద దీపం వేసి ఉంటే అది అట్ట ఇళ్ల గుంపుగానే మిగిలిపోయేది. ఈసారి ఆ సినిమా చూసేటప్పుడు కథను కాసేపు పక్కనపెట్టి కిటికీలు చూడండి.

నీరు మాట వినదు

ఎన్ని చేసినా లొంగనిది ఒకటుంది. అది నీరు. తలతన్యత వల్ల నీటి చుక్క తన ఇష్టం వచ్చిన పరిమాణంలోనే ఉంటుంది, మన స్కేలును లక్ష్యపెట్టదు. వందింట ఒక వంతు దృశ్యంలో మూడు మిల్లీమీటర్ల చుక్క పడితే, అది 30 సెంటీమీటర్ల చుక్క. గుమ్మడికాయంత వాన చినుకు ఎక్కడైనా ఉంటుందా? గట్టు దగ్గర నీరు రెండు మూడు మిల్లీమీటర్లు పైకి పాకి వంపు తిరుగుతుంది. ఫోటోలో అది జానెడు ఎత్తు. అందుకే తెలిసినవారు నిశ్చలమైన చెరువుకు నీరు పోయరు, అద్దం ముక్క పెడతారు.

కదిలే నీరు మరీ మొండిది. ఇరవై మీటర్ల జలపాతం దూకడానికి రెండు సెకన్లు పడుతుంది. ఇరవై సెంటీమీటర్ల బొమ్మ జలపాతానికి సెకనులో అయిదో వంతు చాలు. మీ సూత్రంలో పెట్టి చూడండి. పొడవు వంద రెట్లు తగ్గితే కాలం తగ్గేది వంద రెట్లు కాదు, దాని వర్గమూలం, అంటే పది రెట్లు. కాబట్టి సినిమాలవారు బొమ్మ నదులను వేగంగా చిత్రీకరించి మెల్లగా చూపిస్తారు. మీ ఫోను సెకనుకు 240 బొమ్మలు తీసి 30 చొప్పున చూపగలిగితే ఎనిమిది రెట్ల నిదానం వస్తుంది. ఎనిమిది వర్గం అరవై నాలుగు. కాబట్టి మీ జలపాతం అరవై నాలుగింట ఒక వంతు స్కేలులో ఉండాలి.

ఈ నీటి పాఠం నేను నేర్చుకున్నది ఒక తప్పు చేసి. కొన్నేళ్ల కిందట, అక్టోబరు వానల్లో, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మా ఊరి చెరువును నమూనాగా కట్టింది. బంకమట్టితో కట్ట, అగ్గిపెట్టెలతో దిగువ వీధి, కట్టకు ఒక గండి. పక్కనుంచి ఆమె చెంబుతో నీళ్లు వదులుతుంటే నేను నా ఫోనుతో ఫోటో తీశాను. పొద్దుటి ఎండ, ట్రేసింగ్ కాగితపు కొండలు, అన్నీ కుదిరాయి. ఆ ఆనందంలో ఆ రాత్రి దాన్ని తల్లిదండ్రుల గుంపులోకి పంపాను. కింద "ఎలా ఉంది?" అని మాత్రం రాశాను. ఇది నమూనా అని రాయాలన్న ఆలోచనే రాలేదు.

గంటలో అది నా మాట లేకుండా, ఫోటో ఒక్కటే, చేతులు మారిపోయింది. దిగువ వీధివారు పసిపిల్లలను ఎత్తుకుని బడి వరండాలోకి చేరారు. మగవారు టార్చిలైట్లు పట్టుకుని కట్ట మీదికి పరుగెత్తారు. చీకట్లో జారిపడి ఒక పెద్దాయనకు మణికట్టు విరిగింది. ఫోటోలో పగటి ఎండ ఉంది, బయట నడిరాత్రి. ఆ సంగతి కూడా ఎవరూ ఆలోచించలేదు. భయపడినవారికి నీడలు లెక్కపెట్టే తీరిక ఉండదు. మరునాడు ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి నేనూ ఆ అమ్మాయీ నిలబడ్డాము. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది.

అప్పటినుంచి మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాము. ప్రతి దృశ్యానికీ రెండు ఫోటోలు తీస్తాము. ఒకటి చీమ కన్నుతో. రెండోది నాలుగడుగులు వెనక్కు వచ్చి. అందులో పళ్లెం, దీపం, ట్రేసింగ్ కాగితం, కట్టినవారి చెయ్యి, అన్నీ పడాలి. ఆ రెండూ ఒకే కాగితం మీద అచ్చువేస్తాము, విడదీయడానికి వీలు లేకుండా. మీరు కూడా అలాగే చేయండి. నిజం చెప్పాలంటే ప్రదర్శనలో పిల్లలు ఎక్కువసేపు నిలబడి చూసేది ఆ రెండో ఫోటోనే.

ఆ అమ్మాయి అవ్వ అప్పుడు పక్క మండలంలో కూతురి దగ్గర ఉంది. ఫోటో అక్కడికీ చేరింది. తెల్లవారుజామున మొదటి బస్సుకే దిగి, ముందు చెరువు కట్ట మీదికి పోయి చూసుకుని, తరువాత నేరుగా బడికి వచ్చింది. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. "ఏదీ ఆ బొమ్మ, నా చేతికియ్యి అయ్యవారూ" అంది. బస్సులో ఎవరో చూపించారట గాని కళ్లజోడు లేక సరిగా చూడలేదట. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఫోనును దగ్గరగా, దూరంగా జరిపి చూసింది. మేము తరగతిలో అంచుల వంపూ చుక్కల సైజూ పట్టుకోవడానికి ఒక పీరియడు పట్టింది. ఆమెకు అర నిమిషం పట్టలేదు.

"గండి పడితే నీళ్లు ఇంత తెల్లగా ఎక్కడ పోతాయే? మట్టి కోసుకుని ఎర్రగా పోవూ!" అంది మనవరాలితో. ఇంకాస్త చూసి, "తూము కూడా ఆ పక్కన పెట్టావు. మన చెరువు తూము ఈ పక్కన గదా" అంది.

మనవరాలు ఆ మధ్యాహ్నమే తూము మార్చి కట్టింది. చెంబులో రెండు గుప్పిళ్ల ఎర్రమట్టి కలిపింది.